నాచును మింగే నలుసులు

వేసవి ముదిరేకొద్దీ ఊరి చెరువులో నీరు రంగు మారటం మీలో చాలామంది చూసే ఉంటారు. సంక్రాంతినాటికి తేటగా ఉన్న నీరు ఉగాది దాటేసరికి పెసరపచ్చగా మారుతుంది. ఎండలు మండే రోజుల్లో గట్టు వారగా ఎవరో ఆకుపచ్చ రంగు డబ్బా ఒలకబోసినట్టు చిక్కని తెట్టు కడుతుంది. దోసిట్లోకి తీసుకుంటే మురుగు వాసన వేస్తుంది. "చెరువుకు పాచి పట్టింది, గేదెల్ని దింపకండిరా" అని పెద్దలు కేకలేస్తారు. ఆ మాటను చాదస్తం అని కొట్టిపారేయకండి. ఎందుచేత అలా అంటారో ఈ వ్యాసం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఇలా శైవలాలు ఒక్కసారిగా పెచ్చుపెరిగి నీటినంతా కమ్మేయటాన్ని శాస్త్రజ్ఞులు 'శైవల మంజరి' అంటారు. మంజరి అంటే పూలగుత్తి. పేరు అందంగానే ఉంది కాని, పని మాత్రం అంత అందమైనది కాదు.

అన్ని మంజరులూ ఒక్కటి కావు. మంచినీటిలో మనిషికీ పశువుకూ హాని చేసేవి ముఖ్యంగా నీలి ఆకుపచ్చ శైవలాలు. వీటికి ఆ పేరు పాతకాలంలో వచ్చింది. ఆకుపచ్చగా ఉంటాయి, ఎండలో కిరణజన్య సంయోగక్రియ జరుపుకుంటాయి, కాబట్టి మొక్కల చుట్టాలే అనుకున్నారు. తీరా శక్తివంతమైన సూక్ష్మదర్శినితో లోపలికి తొంగిచూస్తే వాటి కణంలో కేంద్రకమే లేదు! మొక్కల కణాల్లో కేంద్రకం ఉంటుంది. అది లేని ఏకకణజీవులు బాక్టీరియాలు. కనుక నీలి ఆకుపచ్చ శైవలాలు అసలు శైవలాలే కావు, బాక్టీరియాలు. ఈనాడు శాస్త్రజ్ఞులు వాటిని సయనోబాక్టీరియా అంటున్నారు. పాత పేరు అలవాటైపోయింది కాబట్టి మనం రెండూ వాడుకుందాం.

వీటిని దుర్మార్గులని ముద్రవేస్తే అన్యాయమవుతుంది. భూమి మీద గాలిలోకి ప్రాణవాయువును మొదట నింపిన జీవులు ఇవే. సుమారు 240 కోట్ల సంవత్సరాల కిందట వీటి పుణ్యమా అనే వాతావరణంలో ప్రాణవాయువు పోగుపడటం మొదలైంది. వరి మడుల్లో ఇవి గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయని 1939లో పి. కె. డే అనే భారతీయ శాస్త్రజ్ఞుడు చూపాడు. బలానికి మాత్రలుగా అమ్మే స్పిరులినా కూడా ఈ కుటుంబంలోదే. చిక్కల్లా మైక్రోసిస్టిస్, అనబీనా, సిలిండ్రోస్పెర్మాప్సిస్ వంటి కొన్ని రకాలతోనే. వాటిలోనూ అన్ని తెగలూ విషం తయారుచేయవు. కాని చెరువులో ఏ తెగ ఉందో కంటికి చూస్తే తెలియదుగా!

తేలే విద్య

మైక్రోసిస్టిస్ కణం మిల్లీమీటరులో 200వ వంతు ఉంటుంది. అయినా దాని దగ్గర ఒక గొప్ప విద్య ఉంది. కణం లోపల గాలితో నిండిన సన్నని గొట్టాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. ఈత నేర్చుకునే పిల్లవాడు నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకున్నట్టు, ఈ గొట్టాల సాయంతో అది నీటి మీదికి తేలుతుంది. పైన ఎండ బాగా దొరుకుతుంది. కడుపునిండా ఆహారం తయారుచేసుకున్నాక పిండిపదార్థం బరువుతో మళ్లీ కిందికి దిగుతుంది, అడుగున పోషకాలు అందుకుంటుంది. పైకి తేలటానికి అటువంటి అమరిక లేని మామూలు ఆకుపచ్చ శైవలాలు దీనితో పోటీపడలేక దీని నీడలో మాడిపోతాయి.

అవి గాలి గొట్టాలేనా అని రుజువు చేసిన తీరు తమాషాగా ఉంటుంది. 1895లో క్లేబాన్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు తేలుతున్న నీలి ఆకుపచ్చ శైవలాలను నీటితో సహా ఒక సీసాలో నిండా పోసి, బిరడా బిగించి, బిరడా మీద సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. అంతే! అప్పటిదాకా తేలుతున్నవన్నీ మెల్లగా అడుక్కి దిగిపోయాయి. దెబ్బకు నీటిలో పుట్టిన పీడనానికి గాలి గొట్టాలన్నీ అప్పచ్చుల్లా అణిగిపోయాయి మరి. (ఈ ప్రయోగం మీరు చేయకండి, సీసా పగిలి చేయి తెగుతుంది.)

మీరు చేయదగిన ప్రయోగం వేరే ఉంది. మూత ఉన్న ఒక ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక వంతు వరకు పచ్చని చెరువునీరు పట్టండి. చేతికి తొడుగు వేసుకోవాలి, నీరు నోట్లోకీ కంట్లోకీ పోకూడదు. సీసా బయట తుడిచి, కదపకుండా ఒక రాత్రి చల్లనిచోట నీడలో ఉంచండి. తెల్లవారాక చూస్తే పచ్చదనం అడుక్కి చేరి ఉంటే అవి చాలావరకు మామూలు శైవలాలు. నీటి పైభాగాన మీగడలా తెట్టు కడితే నీలి ఆకుపచ్చ శైవలాలు ఉన్నాయని అనుమానించాలి. ఇది అనుమానమే సుమా, తీర్పు కాదు. సూక్ష్మదర్శిని కింద చూస్తేగాని రకం తేలదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవటం మరవకండి.

ఏడు పూసల విషం

ఈ తెట్టులో విషం ఉందని లోకానికి మొదట చాటినవాడు జార్జి ఫ్రాన్సిస్. దక్షిణ ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు నీరు తాగిన గొర్రెలు, గుర్రాలు, పందులు, కుక్కలు చచ్చిపోవటం గురించి ఆయన 1878లో 'నేచర్' పత్రికకు రాశాడు. మన పెద్దల కేకకు అర్థం ఇప్పుడు తెలిసిందా?

ఈ విషాలలో ఎక్కువగా కనబడేది మైక్రోసిస్టిన్. ఏడు అమైనో ఆమ్లాలు వరుసగా గుచ్చి, రెండు కొసలూ కలిపి ముడివేసిన చిన్న దండ ఇది. ఆహారంతోగాని నీటితోగాని లోపలికి పోతే నేరుగా కాలేయానికి చేరుతుంది. కాలేయ కణాలలో పనులను అదుపులో ఉంచే ఒక ఎంజైము ఉంది. ఈ దండ పోయి ఆ ఎంజైములో తాళంచెవిలా ఇరుక్కుంటుంది. తాళం తిరగదు, చెవి ఊడి రాదు. కణాల కట్టుబాటు చెదిరి, కాలేయంలోనే రక్తం కారుతుంది.

జీవితాంతం తాగే నీటిలో లీటరుకు 1 మైక్రోగ్రామును మించి మైక్రోసిస్టిన్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే ఎంతో ఊహించండి. పదివేల లీటర్లు పట్టే నీటి ట్యాంకర్లు నూరు వరసగా నిలబెడితే, ఆ నూరింటిలోనూ కలిపి ఒకే ఒక గ్రాము!

మరిగించి తాగితే సరిపోదా అంటారేమో. సరిపోదు. కలరా సూక్ష్మజీవి వేడికి చస్తుంది. కాని మైక్రోసిస్టిన్ ప్రాణి కాదు, వట్టి రసాయనం. ఆ దండ మరిగే నీటిలో కూడా తెగదు. పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో విషం చిక్కబడుతుంది. 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న టొలీడో నగరానికి ఈ సంగతి బాగా తెలిసివచ్చింది. శుద్ధిచేసిన కుళాయి నీటిలోనే మైక్రోసిస్టిన్ హద్దు మీరటంతో, 'ఈ నీరు తాగవద్దు, మరిగించవద్దు' అని అధికారులు ప్రకటించారు. నాలుగు లక్షలకు పైగా జనం సుమారు మూడు రోజులు సీసా నీళ్ల కోసం బారులు తీరారు. కళ్లెదుట సముద్రమంత సరస్సు, తాగటానికి గుక్కెడు నీరు లేదు.

అంతకంటే ఘోరం 1996లో బ్రెజిల్ దేశంలోని కరువారు పట్టణంలో జరిగింది. అక్కడొక చికిత్సాలయంలో మూత్రపిండాలు చెడిన రోగులకు రక్తశుద్ధి చేసేవారు. ఈ చికిత్సలో లీటర్లకొద్దీ నీరు పలుచని పొర ఒక్కటే అడ్డుగా రక్తానికి ఆనుకుని ప్రవహిస్తుంది. జలాశయం నుంచి లారీల్లో తెచ్చిన నీరు సరిగా శుద్ధికాలేదు. విషం కడుపులోకి కాదు, తిన్నగా రక్తంలోకే పోయింది. 50 మందికి పైగా కాలేయం చెడి మరణించారు.

మైలుతుత్తం తెచ్చిన ముప్పు

అటువంటప్పుడు పాచిని చంపేస్తే పోలేదా? ఆ పని ఏనాటినుంచో చేస్తున్నారు. మైలుతుత్తం మీకు తెలుసు కదా, తోటల్లో తెగుళ్లకు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా కొట్టే నీలి స్ఫటికాలు. రసాయనశాస్త్రంలో దాని పేరు కాపర్ సల్ఫేట్. దానిని జలాశయంలో చల్లితే శైవలాలు చస్తాయి, నీరు తేటపడుతుంది. చవక, సులువు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరాన పామ్ ద్వీపం అని ఒక చిన్న ద్వీపం ఉంది. అక్కడి ఆదివాసులకు సాలమన్ జలాశయమే మంచినీటి ఆధారం. 1979లో నీరు చెడు వాసన వేస్తున్నదని జనం చెప్పుకుంటే దానిలో మైలుతుత్తం వేశారు. పాచి చచ్చింది. రోజులు తిరిగేసరికి ద్వీపంలో పిల్లలు వాంతులతో, తలనొప్పితో, వాచిన కాలేయంతో ఆసుపత్రికి రావటం మొదలయింది. మొత్తం 148 మంది, వాళ్లలో 138 మంది పిల్లలే. ఎవరూ చనిపోలేదు కాని చాలామందికి సెలైను ఎక్కించవలసి వచ్చింది. కారణం తెలియక దానిని 'పామ్ ద్వీపపు మాయరోగం' అన్నారు. వేరే చోటి నీరు తాగిన ఇళ్లలో రోగం లేకపోవటం చూసి వైద్యులు జలాశయం మీద దృష్టి పెట్టారు. అందులో దొరికింది సిలిండ్రోస్పెర్మాప్సిస్ అనే నీలి ఆకుపచ్చ శైవలం. దాని విషాన్ని వేరుచేసి పేరుపెట్టేసరికి 1992 వచ్చింది. రోగానికి మైలుతుత్తంలోని రాగే కారణం కావచ్చునని వాదించినవారూ ఉన్నారు. ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఒప్పుకున్నది మాత్రం ఇది: బతికి ఉన్నంతకాలం విషంలో చాలాభాగాన్ని శైవలం తన కణంలోనే దాచుకుంటుంది. మైలుతుత్తం తగిలి కణాలన్నీ ఒక్కసారి పగిలితే లోపలి విషమంతా నీటిలో కలుస్తుంది. కణాన్ని ఇసుకతో వడగట్టవచ్చు, కరిగిన విషాన్ని వడగట్టేదెలా?

పిల్లలారా, ఈ ప్రశ్నను గట్టిగా గుర్తుపెట్టుకోండి. ముందుముందు మళ్లీ మనకు ఎదురవుతుంది.

వేటగాళ్ల వేటలో

ప్రకృతిలో శత్రువు లేని జీవి లేదు. లేడికి పులి ఉన్నట్టే నీలి ఆకుపచ్చ శైవలానికీ ఏదో ఒక వేటగాడు ఉండితీరాలి కదా? అది నిజమే. 1963లో సాఫర్‌మన్, మోరిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు మురుగునీటి కుంటలో వీటిని చంపే వైరసును కనిపెట్టారు. అయితే వైరసు పట్టుదల ఎక్కువ, తనకు సరిపడిన ఒకటి రెండు రకాల్ని తప్ప మరొకదాన్ని ముట్టదు.

ఇంతకంటే తిండిపోతు 1970లో బయటపడింది. ఇజ్రాయెల్‌లో మోషే షీలో అనే శాస్త్రజ్ఞుడు చేపల చెరువుల నుంచి ఒక బాక్టీరియాను వేరుచేశాడు. దానికి ఎఫ్‌పి-1 అని గుర్తు పెట్టాడు. అది అనేక రకాల నీలి ఆకుపచ్చ శైవలాలను కరిగించివేయగలదు. ఒంటి కణంగా ఉన్నవాటినీ, దారాల్లా పెరిగేవాటినీ కూడా. అయితే దానికొక షరతు ఉంది. అది శైవలాన్ని వచ్చి అంటుకోవాలి. దూరాన ఉంటే ఏమీ జరగదు. అంటుకున్నాక శైవలపు కణకవచాన్ని ఎంజైములతో కరిగించి లోపలి సారాన్ని ఆరగిస్తుంది. మరుసటి సంవత్సరం స్కాట్లాండులో డాఫ్ట్, స్టూవర్ట్ అనేవారు తమ దేశపు నీళ్లలోనూ అటువంటి బాక్టీరియాలు ఉన్నాయని చూపారు. 1975లో వారు ఇంకొక ముఖ్యమైన సంగతి గమనించారు. సరస్సులో నీలి ఆకుపచ్చ శైవలాలు పెరిగినప్పుడు ఈ బాక్టీరియాల సంఖ్యా పెరుగుతుంది, అవి తగ్గితే ఇవీ తగ్గుతాయి. వేటగాడి బతుకు వేట మీద ఆధారపడినట్టే!

అమెరికాలో బర్న్‌హామ్, ఆయన సహచరులు 1981లో ప్రకటించిన వేట పద్ధతి చూస్తే ముచ్చట వేస్తుంది. మిక్సోకాకస్ అనే బాక్టీరియా ఒంటరిగా వేటాడదు. లక్షలాది కణాలు ఒకదానికొకటి అతుక్కుని నీటిలో గుండ్రని ఉండలు కడతాయి. దారపు పోగుల్లాంటి శైవలాలు ఆ ఉండల్లో చిక్కుకుంటాయి. అక్కడే వాటిని జీర్ణం చేసుకుంటాయి. తోడేళ్ల గుంపు వేటలాంటిది ఇది. గుంపులో ఎన్ని ఉంటే అన్ని ఎంజైములు ఒక్కచోట చేరతాయి, నీటిలో కొట్టుకుపోయి పలచబడవు.

ఇంకొన్ని బాక్టీరియాలు దగ్గరకే రావు. దూరంనుంచి రసాయనం వదులుతాయి. మనకు స్ట్రెప్టోమైసిన్ మందు ఇచ్చిన స్ట్రెప్టోమైసిస్ కుటుంబంలో ఒక జాతి లైసీన్ అనే పదార్థంతో మైక్రోసిస్టిస్‌ను చంపుతుందని జపాన్ శాస్త్రజ్ఞులు తెలుసుకున్నారు. ఇంతకూ ఈ లైసీన్ ఏమిటనుకుంటున్నారు? ఒక అమైనో ఆమ్లం. రోజూ కందిపప్పులో, పెసరపప్పులో మనం తినేదే! మన ఒంటికి అది లేనిదే జరగదు. అదే మైక్రోసిస్టిస్‌కు లీటరు నీటిలో కొద్ది మిల్లీగ్రాములున్నా గిట్టదు. మామూలు ఆకుపచ్చ శైవలాలకు దానివల్ల అంత బాధ లేదు. ఇటువంటి ఎంపిక మైలుతుత్తానికి లేదు. అది మంచీచెడ్డా చూడకుండా అందరినీ కొడుతుంది, రాగి అడుగున బురదలో పేరుకుపోతుంది. అయితే లైసీన్ మరీ మంచి తిండి కావటమే దాని లోపం. చెరువులో వేస్తే తక్కిన బాక్టీరియాలు దానిని త్వరలోనే తినేస్తాయి.

చెంబులో గెలుపు, చెరువులో ఓటమి

ఇంత తెలిసీ, యాభై ఏళ్లకు పైగా గడిచీ, ఎఫ్‌పి-1ను గాని దాని చుట్టాలను గాని పెద్ద సరస్సుల్లో వాడుకగా ఎందుకు వదలటం లేదు? ప్రయోగశాల గాజుకుప్పెలో పచ్చని నీరు రెండు మూడు రోజుల్లో పసుపు రంగుకు తిరిగి తేటపడటం చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాని చెరువు గాజుకుప్పె కాదు. కాగితం, పెన్సిలు తీసుకోండి, ఒక లెక్క చేద్దాం.

మన చెరువు వైశాల్యం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు. సగటు లోతు 2 మీటర్లు. నీరు ఎంత? 2 లక్షల ఘనపు మీటర్లు, అనగా 20 కోట్ల లీటర్లు. వేటగాడు శైవలాన్ని తరచుగా ఢీకొనాలంటే మిల్లీలీటరుకు సుమారు పది లక్షల బాక్టీరియాలైనా ఉండాలి. ప్రయోగశాలలో చిక్కగా పెంచితే మిల్లీలీటరుకు నూరు కోట్లు వస్తాయనుకుందాం. అంటే చెరువులో వేశాక వెయ్యో వంతుకు పలచబడితే సరిపోతుంది. 20 కోట్లను వెయ్యితో భాగించండి. రెండు లక్షల లీటర్లు! పదివేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై కావాలి, ఒకే ఒక్క ఊరి చెరువుకు. ఈరీ సరస్సు సంగతి ఇక చెప్పనవసరం లేదు.

పోనీ, కొద్దిగా వేస్తే అవే పిల్లల్ని పెట్టి పెరగవా? పెరిగేవే, వాటిని తినేవాళ్లు లేకపోతే. చెరువులో ప్రోటోజోవాలు ఉంటాయి. వాటి నిత్యాహారమే బాక్టీరియా. మనం ముద్దుగా పెంచి తెచ్చిన వేటగాళ్లు వాటికి విందుభోజనం. మైక్రోసిస్టిస్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. వందల కణాలు కలిసి చుట్టూ జిగురు కవచం కట్టుకుంటాయి. మరికొన్ని శైవలాలు గడ్డుకాలంలో గట్టి సిద్ధబీజాలుగా మారి బురదలో నిద్రపోతాయి, వచ్చే వేసవికి మళ్లీ లేస్తాయి.

ఇవన్నీ దాటి వేటగాళ్లు గెలిచారే అనుకుందాం. చెరువులోని పాచి అంతా రెండు రోజుల్లో చచ్చింది. ఇప్పుడు పామ్ ద్వీపపు ప్రశ్న గుర్తుకు తెచ్చుకోండి. చంపింది మైలుతుత్తమైతేనేం, బాక్టీరియా అయితేనేం? కణం పగిలితే విషం బయటికి వస్తుంది. పైగా చచ్చిన పాచి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువునంతా లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు నీటి మీదికి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేస్తుంటే కైకలూరు, భీమవరం ప్రాంతాల రైతులు ఏరేటర్ల దగ్గరకు పరుగెత్తటం అక్కడి పిల్లలు ఎరుగుదురు. రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ లేక, శ్వాసక్రియ మాత్రం సాగి, ప్రాణవాయువు అడుగంటే వేళ అది. పాచి మందంగా ఉన్న చెరువులో అది ఒక్కసారిగా చావటం కూడా అంత ప్రమాదమే.

దండను తెంపే బాక్టీరియా

కాబట్టి శైవలాన్ని చంపే బాక్టీరియా కంటే విషాన్ని విరిచే బాక్టీరియాయే ఎక్కువ అక్కరకు వచ్చేదని నా అభిప్రాయం. అవి కూడా ప్రకృతిలోనే ఉన్నాయి. ఆలోచిస్తే ఉండకతప్పదు. ఏటేటా ఇన్ని మంజరులు పుట్టి చస్తుంటే ఆ విషమంతా సరస్సుల్లోనే పోగుపడి ఉండాలి కదా? కాని పడలేదు. ఎవరో దాన్ని తింటున్నారు.

ఆ ఎవరో 1990ల మొదట్లో ఆస్ట్రేలియా నీటిలో దొరికింది. గ్యారీ జోన్స్, డేవిడ్ బోర్న్, వారి సహచరులు వేరుచేసిన ఆ బాక్టీరియా స్ఫింగోమొనాస్ ప్రజాతికి చెందింది. దానికి మైక్రోసిస్టిన్ విషం కాదు, భోజనం. అది తినే తీరును వారు 1996లో విప్పి చూపారు. ఏడు పూసల దండ గుర్తుందిగా? బాక్టీరియాలోని మొదటి ఎంజైము దండను సరిగ్గా ఒక్కచోట తెంపుతుంది. అంతటితో గుండ్రని దండ వట్టి పోగుగా సాగిపోతుంది. పూసలు అవే, వరుస అదే, కాని ఇక కాలేయపు తాళంలో సరిగా ఇరుక్కోదు. విషప్రభావం సుమారు 160 రెట్లు తగ్గిపోతుంది. రెండో ఎంజైము ఆ పోగును నాలుగు పూసల ముక్కగా కత్తిరిస్తుంది. మూడోది దాన్ని కూడా చిన్నచిన్న తునకలు చేస్తుంది. మరిగే నీరు చేయలేని పనిని ఒక్క ఎంజైము మామూలు చెరువు నీటి వెచ్చదనంలోనే చేసేస్తుంది!

అయితే వీటికీ ఒక బలహీనత ఉంది. ఆస్ట్రేలియాలోనే ఒక విహార సరస్సులో మైక్రోసిస్టిస్ మీద రాగి మందు చల్లి, నీటిలోకి వచ్చిన విషాన్ని రోజూ కొలిచారు. 1994లో ప్రకటించిన ఆ లెక్కల ప్రకారం మొదటి తొమ్మిది రోజులు విషం దాదాపు తగ్గనేలేదు. ఆ తరవాత మూడే మూడు రోజుల్లో నూటికి 90 పాళ్లకు పైగా మాయమైంది. మొదట ఆ తొమ్మిది రోజులూ ఏమి జరిగినట్టు? విషం తినే బాక్టీరియాలు నీటిలో కొద్దిగానే ఉంటాయి. తిండి దొరికాక అవి ఎంజైములు తయారుచేసుకుని, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరిగి పెద్ద సైన్యం కావటానికి వ్యవధి పడుతుంది. ఆ వ్యవధిలో దాహం వేసినవాడి గతేమిటి?

పొడి చల్లితే సరా?

ఈనాడు మన కోస్తా జిల్లాల్లో చేపల, రొయ్యల చెరువుల రైతులకు 'ప్రోబయోటిక్' అన్న మాట కొత్త కాదు. బాసిల్లస్ వంటి బాక్టీరియాలను పొడిగా, ద్రావణంగా అమ్ముతారు. నగరాల్లో మురికిపట్టిన చెరువుల మీదా ఇటువంటివి చల్లుతున్నారు. ఇవి కుళ్లును త్వరగా విరిచి, దుర్వాసన తగ్గించగలవు. కొన్ని బాక్టీరియాలు నీటిలోని నత్రజని లవణాలను వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తాయి కూడా. అది మంచిదే. కాని 'ఈ పొడి చల్లితే ఇక పాచి పుట్టదు' అని ఎవరైనా అంటే మీరొక ప్రశ్న అడగండి: భాస్వరం ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్నలో కిటుకు ఉంది. నత్రజని గాలిలోకి పోగలదు. భాస్వరానికి ఆ దారి లేదు. ఏ బాక్టీరియా తిన్నా, అది చచ్చాక భాస్వరం మళ్లీ నీటికో బురదకో చేరవలసిందే. నత్రజని ఒక్కటే తగ్గి భాస్వరం మిగిలిపోతే గాలి నత్రజనిని పట్టగల అనబీనా వంటివాటికి పండగ! 1973లో కెనడాలో డేవిడ్ షిండ్లర్ బృందం చేసిన ప్రయోగం ఇందుకు మంచి తార్కాణం. 226 అనే సంఖ్య పెట్టిన ఒక చిన్న సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీశారు. ఒక సగంలో కార్బన్, నత్రజని పదార్థాలు వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపారు. కొద్ది వారాలకు విమానం నుంచి ఫొటో తీస్తే తెరకు ఒకవైపు నల్లని తేట నీరు, రెండోవైపు చిక్కని పచ్చరంగు. ఊరి మురుగు, సబ్బు నురుగు, పొలాల ఎరువు చెరువులోకి దిగుతూ ఉండగా బాక్టీరియా పొడి చల్లటమంటే, కుళాయి కట్టకుండా నేల తుడవటమే.

మరి విషం తినే బాక్టీరియాలకు తగిన చోటు ఏది? చెరువు కాదు, ఇసుక. నీటిశుద్ధి కేంద్రాల్లో ఇసుక పడకల మీదుగా నీటిని మెల్లగా వదులుతారు. నాళ్లు గడిచేకొద్దీ ప్రతి ఇసుక రేణువు మీదా బాక్టీరియాల జిగురు పొర పెరుగుతుంది. ఇక్కడ అవి పలచబడి కొట్టుకుపోవు. పట్టుకుని ఉండటానికి రేణువు ఉంది, తిండి తానే నడిచి వస్తుంది. ఇరవై ట్యాంకర్లూ అక్కర్లేదు. దక్షిణ ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఇటువంటి ఇసుక పడక గుండా మైక్రోసిస్టిన్ కలిపిన నీటిని పంపి చూశారు. నాలుగు రోజులు నడిచాక బయటికి వచ్చే నీటిలో విషం బొత్తిగా లేదు. 2006లో వారు ప్రకటించిన దాని ప్రకారం ఆ పని చేసింది ఇసుక కాదు, దాని మీద కాపురమున్న బాక్టీరియాలు. టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు కూడా ఈరీ సరస్సు నీటిలోనే మైక్రోసిస్టిన్‌ను విరిచే బాక్టీరియాలను వేరుచేసి 2019లో వెల్లడించారు. వాటిని ముందుగానే వడపోత పడకల్లో పెంచి సిద్ధంగా ఉంచగలమా, మంజరి లేని చలికాలమంతా అవి ఆకలితో చావకుండా ఏమి పెట్టి పోషించాలి అన్నవి ఇప్పుడు శాస్త్రజ్ఞుల బల్లమీద ఉన్న ప్రశ్నలు.